తుఫాను వాటా

పెర్విస్ క్రీక్, ఫ్లోరిడా
ఫిబ్రవరి 11

నా తల్లి డార్లాకు, అమ్మ ప్రేమతో దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అనడానికి ఇప్పుడీ ఇంట్లో నేనూ, మీ తమ్ముడి కుక్కా. దేవుడి దయవల్ల ఇద్దరం బాగానే ఉన్నాం. దానికి ఒక కాలు నొప్పి, నాకు రెండు. అక్కడ నువ్వూ, మీ ఆయనా, పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ ఒహాయోలో మంచు మోకాళ్ల లోతు పడిందని టీవీలో చూపించారు. పిల్లని బడికి పంపేటప్పుడు చెవులు కప్పి పంపు. చిన్నప్పుడు నీకూ చెవిపోటు వచ్చేది.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన పెద్ద కవరు పోయిన సోమవారం అందాయి. ఫోన్ చేస్తుంటే ఎందుకు ఎత్తడం లేదని కోప్పడ్డావు. ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే నేను వినడమే సరిపోతుంది తల్లీ. నా మాట గొంతుదాకా వచ్చేసరికి నువ్వు ఇంకో మాటలో ఉంటావు. తర్వాత నాకు ఏడుపొస్తుంది, నువ్వు "సర్లే అమ్మా, పడుకో" అంటావు. కాగితం మీదైతే నా మాటకి నువ్వు అడ్డం రావు. ఎనిమిదో తరగతితో ఆగిన చదువు నాది. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. చర్చి ఆడవాళ్ళు రెండు నెలలు గిన్నెలు మోస్తూనే ఉన్నారు. చావింటికి మెకరోనీ తప్ప ఇంకేమీ తేకూడదని ఏమన్నా శాసనం ఉందేమో నాకు తెలీదు. అంత మెకరోనీ నేను, కుక్క కలిసి కూడా తినలేకపోయాం. గిన్నెల అడుగున ఎవరి పేర్లు వాళ్ళు అంటించి పంపారు కదా, ఒక్కొక్కటే కడిగి ఎవరిది వాళ్ళకి ఇచ్చి వస్తున్నాను. ఆ పని ఒకటుంది కాబట్టి ఇల్లు కదులుతున్నాను. పేరు లేని గిన్నె ఒకటి మిగిలింది. ఎవరూ నాది అనడం లేదు.

పైకప్పు కారుతోందా అని అడిగావు. లేదు. క్రిస్మస్ ముందు జార్జియా నుంచి ఏదో చర్చివాళ్ళు ఎనిమిదిమంది మగవాళ్ళు వ్యానులో వచ్చారు. డబ్బు పుచ్చుకోలేదు. రెండు రోజుల్లో పాత రేకులన్నీ పీకి కొత్తవి వేసి వెళ్ళిపోయారు. వాళ్ళు పైన ఉన్నంతసేపూ నేను వెనక బట్టలుతికే గదిలో కూర్చున్నాను. తలెత్తి చూడలేకపోయాను. వాళ్ళలో ఒక పెద్దాయన మాటిమాటికీ ఆ గది తలుపు దగ్గరకొచ్చి, "అందరం తాడు కట్టుకునే ఉన్నామమ్మా, ఏం భయం లేదు" అని చెప్పి పోతుండేవాడు. ఆయనకి ఎవరో చెప్పి ఉంటారు.

పడవ అమ్మలేదు. ఇంటి పక్కనే బండి మీద ఉంది, ఇంజనుకి గుడ్డ కట్టి. పీతలు పట్టే బుట్టలు మాత్రం మీ తమ్ముడి స్నేహితుడు అడిగితే ఇచ్చేశాను. ఊరికే పడి ఉంటే ఎండకి చెడిపోతాయి కదా.

ఇక నువ్వు పంపిన ఫిర్యాదు కాగితం. మూడుసార్లు చదివాను. నెట్టీ బ్రాన్నన్ అనే ఇన్సూరెన్సు ఏజెంటు మా అమ్మకి తుఫాను వాటా గురించి ఏమీ వివరించలేదు, పాలసీ కాగితం మీద మా తమ్ముడు కార్బిన్ సంతకం తనే పెట్టేసింది, అందువల్లే కంపెనీ నుంచి ఒక్క డాలరు రాక మా తమ్ముడు పైకప్పు తనే బాగుచేసుకోబోయి పడి చనిపోయాడు, ఆమె లైసెన్సు తీసెయ్యాలి అని రాశావు. కింద నేను సాక్షి సంతకం చెయ్యాల్సిన చోట పసుపు చీటీ అంటించి బాణం గుర్తు వేశావు. వాడు నీకు పంపిన పుట్టినరోజు కార్డు మీది సంతకమూ, ఈ సంతకమూ పక్కపక్కన పెట్టి కాపీ తీశావు. రెండూ ఒకటి కావు. నిజమే. నీ కళ్ళు మంచివి.

నువ్వు ఊరివాళ్ళ ఫోన్ గ్రూపులో నెట్టీ గురించి పెట్టింది కూడా చూశాను. పక్కింటివాళ్ళు చూపించారు. అది పెట్టిన దగ్గర్నుంచీ నెట్టీ ఆఫీసుకి ఎవరూ పోవడం లేదు. సగం ఊరు పాలసీలు వేరేచోటికి మార్చుకుంది. చర్చిలో పాటలు పాడేవాళ్ళ బల్ల మీద ఆమె పక్కన ఎప్పుడూ కూర్చునేవాళ్ళు కూడా జరిగి కూర్చుంటున్నారు.

మొన్న శనివారం నెట్టీ వచ్చింది. వాకిట్లో కారు ఆపి దిగకుండా అలాగే కూర్చుంది. నేనే బయటికి వెళ్ళాను.

"ఏమే, దిగవా? పల్లకీ పంపాలా నీకు?" అన్నాను.

"దిగొచ్చో దిగకూడదో తెలియక కూర్చున్నా. మీ అమ్మాయి నన్ను వీధిలో నిలబెట్టేదాకా నిద్రపోనంటోందిట కదా."

"దానికి చిన్నప్పట్నుంచీ నిద్ర తక్కువే."

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. లోపలికి రమ్మంటే, చేతిలో చిక్కుళ్ళ గిన్నె పట్టుకుని వచ్చింది. "మెకరోనీ కాదులే, భయపడకు" అంది. నాకూ ఆమెకీ ఆరేళ్ళ వయసు నుంచీ స్నేహం. ఆమెకి నేనేం తింటానో తెలుసు, ఏం తినలేనో తెలుసు.

వంటింట్లో కూర్చున్నాం. ఇరవయ్యో తారీఖున రాష్ట్రం ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి మనిషి వస్తాడుట, ఫైళ్ళన్నీ చూస్తాడుట. రెండో సంతకం ఎవరిదో రాసి ఇమ్మన్నారుట.

"ఏం రాస్తావు?" అన్నాను.

"ఉన్నదే రాస్తా. కాగితం ఇచ్చాను. రెండు సంతకాలతో తిరిగొచ్చింది. ఫైల్లో పెట్టాను. అక్టోబర్లో కార్బిన్ నా బల్ల ముందు నిలబడి, ఈ సంతకం నాదే మిస్ నెట్టీ అన్నాడు. అంతే."

"వాళ్ళు నమ్మకపోతే?"

"నమ్మకపోతే లైసెన్సు పోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశా. అరవై ఎనిమిదేళ్ళ దానికి కొట్లో బిల్లులు కొట్టే పని ఎవరైనా ఇస్తారేమో చూడాలి." చక్కెర వేసుకోని మనిషి, కాఫీలో చెంచా తిప్పుతూనే ఉంది.

"నెట్టీ, అది వాడి సంతకం కాదని నీకు..." అని మొదలుపెట్టాను.

"ఒలీటా." గట్టిగా అంది. "వాడికి ఆరేళ్ళప్పట్నుంచి ఆదివారం బడిలో నేను పాఠాలు చెప్పాను. వాడు ఎలా రాస్తాడో నాకు తెలీదా? వాడు నాదే అన్నాడు. పోయినవాడి నోటి మాటని నేను అబద్ధం చెయ్యను. నువ్వు నన్నేమీ అడక్కు. నేనూ నిన్నేమీ అడగను. చిక్కుళ్ళు వేడి చేసుకు తిను."

ఆమె వెళ్ళిపోయాక నీ ఉత్తరం మళ్ళీ తీశాను.

నువ్వు ఉత్తరంలో ఇంకోటి అడిగావు. ఇరవై ఆరు వేల డాలర్ల నష్టం జరిగితే కంపెనీ ఒక్క డాలరూ ఎందుకివ్వలేదు, ఈ వాటా లెక్క నాకూ మా ఆయనకీ ఎంత చదివినా తలకెక్కడం లేదు, నీకేమన్నా అర్థమైందా అమ్మా అని. అర్థమైంది. ఇప్పుడు ఎవరు లేపి అడిగినా చెప్పగలను.

మామూలు నష్టానికి, అంటే నిప్పంటుకున్నా, దొంగలు పడ్డా, మన వాటా, అంటే ముందు మన చేతి నుంచి పెట్టుకోవాల్సింది, వెయ్యి డాలర్లు. అది ఎప్పుడూ అంతే. తుఫానుకి మాత్రం వేరే వాటా ఉంటుంది. అది ఇంత డాలర్లని ఉండదు, వందకింత అని ఉంటుంది. అందరూ తప్పు పడేది ఇక్కడే. వందకింత అంటే పోయినదాంట్లో వందకింత కాదు. ఇంటికి ఎంత ఇన్సూరెన్సు కట్టామో దాంట్లో వందకింత. మన ఇంటికి రెండు లక్షలు. మన వాటా వందకి పదిహేను. అంటే ముప్ఫై వేలు. తుఫాను చేసిన నష్టం ముప్ఫై వేలు దాటితే, దాటినదే కంపెనీ ఇస్తుంది. దాటకపోతే మనమే. ఆగస్టుది అయ్యాక వచ్చిన రెండో తుఫానుకి పోయింది ఇరవై ఆరు వేలు. అందుకే ఏమీ రాలేదు.

ఇంకొకటుంది. ఆ వాటా తుఫాను తుఫానుకీ మొదటికి రాదు. ఏడాది మొత్తానికి ఒకటే. ఆగస్టు తుఫానుకి వెనక వసారా రేకులు పోయాయి కదా, అది తొమ్మిది వేల పని. అది అప్పుడే కంపెనీకి చెప్పి రశీదులు దాచి ఉంటే, మన వాటాలో తొమ్మిది వేలు అప్పటికే తీరినట్టు లెక్క. మిగిలేది ఇరవై ఒక్క వేలు. రెండోదానికి కంపెనీ అయిదు వేలు ఇచ్చేది. అయిదు వేలే. కానీ పైకప్పు మీదికి పనివాళ్ళని ఎక్కించడానికి అది చాలు.

ఇవన్నీ నాకు ఎవరు చెప్పారంటే, నెట్టీయే చెప్పింది. వాడు పోయిన తర్వాత కాదు. అంతకు ముందు మే నెలలోనే. ఆమె నాకు చెప్పలేదని నువ్వు రాసిన మాట తప్పు.

అలసిపోయాను డార్లా. ఇక్కడిదాకా రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇది చెప్పకుండానే ఉత్తరం ముగిద్దామని కూడా అనుకున్నాను. చెప్పకుండా తిరిగి తిరిగి ఇంకా అలసిపోయాను.

పోయిన ఏడు పాలసీకి కట్టే డబ్బు మళ్ళీ పెరిగింది. ఏటా పెరుగుతూనే ఉంది, అది నీకు తెలుసు. మీ తమ్ముడు, ఇక పీతల మీద బతకడం కుదరదమ్మా, పక్క కౌంటీ జైల్లో కాపలా ఉద్యోగం ఉంది, పెట్టుకుంటా అన్నాడు. పడవ ఇంజను అప్పటికే పాడైపోయి ఉంది. కొత్తది కొనాలంటే పాలసీ కట్టలేడు, పాలసీ కడితే ఇంజను లేదు. వాడు రోజంతా గోడల మధ్య తాళాలు వేస్తూ తీస్తూ ఉండటం నేను ఊహించుకోలేకపోయాను. నీళ్ళ మీద లేకపోతే వాడు మనిషి కాదు. మీ నాన్నా అంతే. అందుకని నేనొక్కదాన్నే నెట్టీ దగ్గరికి వెళ్ళి, దీన్ని ఎలా అయినా తగ్గించే దారి చెప్పవే అన్నాను.

ఆమె చెప్పింది. వాటా పెద్దది పెట్టుకుంటే కట్టేది తగ్గుతుంది అంది. "కానీ నేనైతే పెట్టుకోను. వందకి రెండు పెట్టుకో. చేతకాకపోతే అయిదు. పదిహేను మాత్రం వద్దు ఒలీటా, ముప్ఫై వేలు ఎక్కణ్ణుంచి తెస్తావు?" అంది. అది కూడా కాగితం మీద లెక్క వేసి చూపించింది. నేను వినలేదు. ఆ ఇల్లు కట్టి అరవై ఏళ్ళయింది, ఎన్ని గాలులు చూడలేదు అన్నాను.

ఇక్కడి చట్టం నీకు తెలిసే ఉంటుంది. వాటా అంత పెద్దది కావాలంటే అచ్చు కాగితం మీద గీత పెడితే చెల్లదు. ఆ మాట మన చేత్తో మనమే రాయాలి. నేను రాశాను. తుఫాను నష్టంలో మొదటి ముప్ఫై వేల డాలర్లు నా ఇన్సూరెన్సు ఇవ్వడం నాకు అక్కర్లేదు, ఆ ఖర్చు నేనే పెట్టుకుంటాను, నా ఇన్సూరెన్సు పెట్టుకోదు, అని. ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాశాను. ముప్ఫై వేలు అన్న అంకె కూడా నేనే రాశాను. తెలియలేదనడానికి నాకు దారి లేదు.

మీ నాన్న పోయాక ఇల్లు నా పేరూ కార్బిన్ పేరూ మీద పెట్టాం కదా. పాలసీ మీద ఎన్ని పేర్లుంటే అన్ని సంతకాలూ కావాలి. "వాణ్ణి తీసుకురా, వాడూ నా ముందు ఈ మాట వినాలి" అంది నెట్టీ. వాడు ఇంటి దగ్గర ఇంజను విప్పుకుని ఉన్నాడు, కాగితం తీసుకెళ్ళి పెట్టించుకొస్తా అన్నాను. ఇల్లు అక్కడికి పది నిమిషాలు. నేను ఇంటికి వెళ్ళలేదు. ఐసు ఫ్యాక్టరీ వెనక కారు ఆపి, తొడ మీద కాగితం పెట్టుకుని, కార్బిన్ పేరు నేనే రాశాను. వెంటనే తిరిగిపోతే అనుమానం వస్తుందని నలభై నిమిషాలు కారులోనే కూర్చున్నాను. తర్వాత ఇచ్చి వచ్చాను.

వాడికి చెబితే ఒప్పుకోడని నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిపోయేవాడు.

ఇంటికొచ్చి కంపెనీవాళ్ళు తగ్గించారని చెప్పాను. "కంపెనీకి గుండె ఉందని ఇప్పుడే వింటున్నానమ్మా!" అని ఎగిరి గంతేశాడు. తర్వాత అడిగాడు, తుఫానుకి మన వాటా ఎంత అని. వందకి పదిహేను అన్నాను. "అంటే వెయ్యి పోతే నూటయాభై మనది. పర్లేదే" అన్నాడు. నేను ఊఁ అన్నాను. ఆ ఊఁ నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. ఆ నెలలోనే ఇంజను కొన్నాడు.

ఆగస్టు తుఫాను పోయిన వారానికి నెట్టీ తన పాలసీలున్న ప్రతి ఇంటికీ ఒక కాగితం పంపింది. వాటా లోపలే ఉన్నా సరే, ఎంత చిన్న నష్టమైనా చెప్పండి, రశీదులు దాచండి, ఏడాదిలో ఇంకోటి వస్తే కలుస్తుంది అని. దాని పైన పెద్ద అక్షరాల్లో ఎవరి వాటా ఎంతో డాలర్లలో వేసి ఉంది. మన కాగితం మీద ముప్ఫై వేలు. కార్బిన్ చూస్తాడని భయమేసి ఆ కాగితం పొయ్యిలో పెట్టాను. వాడు మన ఊరి వాళ్ళందరి లాగే, "చిన్నదానికి కంపెనీని పిలిస్తే వచ్చే ఏడు పాలసీ పీకేస్తారు, పెద్దదానికి దాచుకుందాం, డాడీ ఎన్నడైనా పిలిచాడా?" అన్నాడు. నేను అవునన్నాను. వసారా తనే వేసుకున్నాడు. రశీదులు చెత్తతో కలిపి కాల్చేశాడు. ఒక అబద్ధాన్ని కాయడానికి ఇంకోటి కావాల్సొచ్చింది. చూడు, ఇంత చిన్న ఇంట్లో ఎన్ని దాచానో.

అక్టోబర్లో కంపెనీ మనిషి వచ్చి నష్టం లెక్కేసి, మీకేమీ రాదన్నాడు. మీ తమ్ముడు ముందు నవ్వాడు. "సార్, మీరు లెక్క తిరగేశారు, పదిహేను మాది, మిగిలింది మీది" అన్నాడు. ఆయన పాపం నెమ్మదిగానే చెప్పాడు. వాడికి అర్థమయ్యేసరికి ముఖం మారిపోయింది. నన్ను ట్రక్కులో ఎక్కించుకుని నేరుగా నెట్టీ ఆఫీసుకి పోయాడు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

"మిస్ నెట్టీ, మాకు తెలియకుండా ఎవరు పెట్టారు ఈ వాటా?" అని గట్టిగానే అడిగాడు.

నెట్టీ లేచింది. ఫైలు తీసి కాగితం వాడి వైపు తిప్పి పెట్టింది. వాడు చూశాడు. నా రాత చూశాడు. కింద తన పేరు చూశాడు. ఎంతసేపు చూశాడో. తల తిప్పి నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు డార్లా.

"ఇది నీ సంతకమేనా బాబూ?" అంది నెట్టీ.

"అవును మిస్ నెట్టీ. నాదే. మర్చిపోయాను. అరిచినందుకు క్షమించండి" అన్నాడు.

ట్రక్కులో ఇంటికి బయల్దేరాం. వంతెన దిగాక, "నా పేరు నాకంటే నువ్వే బాగా రాస్తావే అమ్మా" అన్నాడు. నేను ఏడుస్తున్నాను. "ఇంజను కోసమేనా?" అన్నాడు. తల ఊపాను. "మంచి ఇంజనే. ఏడవకు. నీ కూతురికి మాత్రం చెప్పకు, బస్సెక్కి వచ్చి ఇద్దర్నీ తంతుంది" అన్నాడు. ఆ సాయంత్రం మామూలుగానే అన్నం తిన్నాడు. ఏం వండానో కూడా గుర్తుంది. వేయించిన ముల్లెట్ చేప, మొక్కజొన్న రవ్వ. రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

తెల్లారి నిచ్చెన వేశాడు. రాత్రి మంచుకి పైకప్పు మీద పరిచిన నీలం పట్టా తడిసి ఉంది. ఎండ రానీ, ఆరనీ నాయనా అన్నాను. కొన్నాళ్ళు ఆగు, మనిషిని పెట్టుకుందాం, నా గొలుసు అమ్ముతానన్నాను. "మన వాటా మనమే చేసుకోవాలి కదమ్మా" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. వాడికి ఎత్తిపొడవడం రాదు. ఆ తర్వాతది నీకు తెలుసు.

వాడు సంతకం చెయ్యడం నువ్వు నీ కళ్ళతో చూశావా అమ్మా, అని అడిగావు. దానికి జవాబు ఇది. నువ్వు పంపిన కాగితం మీద నేను సంతకం చెయ్యను.

ఇన్ని నెలలు ఎందుకు చెప్పలేదంటావు. నాకిక మిగిలింది నువ్వే. వాడు పోయాక నువ్వు ఫోన్లో నెట్టీని తిడుతుంటే, ఆ తిట్లు నావని తెలిసీ విన్నాను. నువ్వు ఆమెని తిడుతున్నంతసేపూ రోజూ ఫోన్ చేసేదానివి. అది పోతుందని భయం. ఇంతకన్నా మంచి కారణం వెతికాను, దొరకలేదు. నెట్టీ ఆ వంటింట్లో కూర్చుని, నన్నేమీ అడక్కు అనకపోతే ఇప్పటికీ చెప్పి ఉండనేమో. ఆమె కొడుకు కాదు, వాడు నా కొడుకు. నా కొడుకు మాట నిలబెట్టడానికి ఆమె తన అన్నం పోగొట్టుకుంటుంటే నేను చిక్కుళ్ళు తింటూ కూర్చోలేను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడానికి ముందే ఇంకో ఉత్తరం వేశాను. రాష్ట్రం ఆఫీసుకి. ఆ రెండో సంతకం నేను చేశాను, ఏజెంటుకి తెలియదు, ఆమె నన్ను వద్దని చెప్పింది, ఆగస్టులో ఆమె పంపిన కాగితం నేను కాల్చాను, నా కొడుకు నన్ను కాపాడటానికి నాదే అన్నాడు, అని నాలుగు ముక్కలు. కింద నా పేరు. ముందు నీకు రాస్తే నీ జవాబు కోసం చూస్తూ ఆగిపోతానని, ముందు అదే వేసేశాను. వాళ్ళు నా మీద ఏం పెడతారో తెలియదు. ఏం పెట్టినా సరే. నెట్టీకి రేపు నేనే వెళ్ళి చెబుతాను. తిడుతుంది. తిట్టాక ఏడుస్తుంది.

నువ్వు ఒక్క పని చెయ్యి. ఊరివాళ్ళ గ్రూపులో ఆమె తప్పు లేదని నీ పేరు మీద పెట్టు. నా పేరు రాయాలనుకుంటే రాయి. నేను ఎటూ ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెబుదామనుకుంటున్నాను, కాళ్ళు నిలబడితే.

మార్చిలో వస్తానన్నావు. రావాలనిపించకపోతే రాకు, నేనేమీ అనుకోను. వచ్చి ఈ ఇంట్లో దిగాలనిపించకపోతే నెట్టీ ఇంట్లో దిగు. నువ్వు ఆమెని అన్ని మాటలన్నాక ఎలా అని అనుకోకు. గది ఇస్తుంది. కోపం వస్తే కోపంగానే రాయి. ఎంత కోపంగా రాసినా చదువుతాను. రాయకుండా మాత్రం ఉండకు.

ఈ కవర్లో నీ ఫిర్యాదు కాగితంతో పాటు ఇంకో కాగితం కూడా ఉంది, చూడు. అది సమాధి రాయి చెక్కే ఆయన ఇచ్చింది. పేరు ఎలా కావాలో ఇంటివాళ్ళు ఎవరైనా పెద్దగా చేత్తో రాసిస్తే, ఆ రాతనే అచ్చంగా చెక్కుతాడుట. నన్ను రాయమన్నాడు. పెన్ను పట్టుకున్నాను, తల్లీ, రాయలేదు. వాడి పేరు నేను ఒకసారి రాశాను, చాలు. నువ్వు రాసి పంపు.

ఇట్లు,
నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా
నీ అమ్మ,
ఒలీటా